నేను అన్నదే రాయండి: వాయిస్ టైపింగ్ తయారుచేసేవాళ్ళకు బహిరంగ లేఖ

మాట్లాడితే తెలుగులో టైపయ్యే సాఫ్ట్‌వేర్లూ కీబోర్డులూ తయారుచేసే కంపెనీలవాళ్ళకు, అక్కడ పనిచేసే ఇంజనీర్లకు, ఏ భాషకు ఏ సౌకర్యం ఎప్పుడివ్వాలో తేల్చే పెద్దలకు,

నమస్కారం.

నేను అనువాదాలు చేసుకుని బతికే మనిషిని. పద్దెనిమిదేళ్ళు కీబోర్డు మీదే గడిచాయి. మూడేళ్ళ కిందట కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు రాత్రిళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది, చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నానేమో అనుకుని వదిలేశాను, ఒకరోజు పట్టుకున్న గ్లాసు దానంతటదే జారిపోయాక డాక్టర్ దగ్గరికి వెళ్తే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందనీ, టైపింగ్ బాగా తగ్గించాలనీ చెప్పారు. నాకు టైపింగ్ తగ్గించమంటే తిండి తగ్గించమన్నట్టే. అప్పటినుంచి నా రాతంతా నోటితోనే. మీ సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేసిన రోజు నాకు పని తెములుతుంది, చెయ్యని రోజు తెమలదు.

ఇదంతా మాకే పంపొచ్చు కదా, అందరి ముందూ పెట్టడమెందుకు అంటారేమో. పంపాను. ఏడు నెలల్లో నాలుగుసార్లు పంపాను. యాప్‌లో ఫీడ్‌బ్యాక్ అని ఉన్నచోట రెండుసార్లు, మెయిల్లో రెండుసార్లు. నాలుగింటికీ ఒకటే జవాబు, మీ అభిప్రాయం మాకెంతో విలువైనదని, అదీ ఇంగ్లిషులో. అది మనిషి రాసింది కాదని చూస్తేనే తెలిసిపోతుంది, నేను మెయిల్ పంపిన నిమిషానికే వచ్చేసింది. (మూడో ఫిర్యాదు నోటితోనే చెప్పి పంపాను. పంపేశాక చదువుకుంటే "తప్పులు దిద్దడం కుదరట్లేదు" అన్నచోట "తప్పులు రుద్దడం కుదరట్లేదు" అని ఉంది. అందుకే జవాబివ్వలేదేమో!)

మెచ్చుకోవాల్సింది ముందు మెచ్చుకుంటాను. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగుతో పాటు మరో ఏడు భారతీయ భాషలకు వాయిస్ టైపింగ్ తెచ్చినప్పుడు నేను నమ్మలేదు, సరదాకి రెండు మాటలు అని చూశాను, అవి తెర మీద పడ్డాయి, ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. తెలుగు టైపు చేసేవాళ్ళకే తెలుస్తుంది అదెంత ఊరటో. "స్త్రీ" అనే ఒక్క అక్షరానికి కంప్యూటర్ లెక్కలో ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఫోన్‌లో ఇంగ్లిషు టైపు చెయ్యడం కంటే మాట్లాడి రాయడం దాదాపు మూడు రెట్లు వేగమని 2016లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీవాళ్ళూ చైనా కంపెనీ బైదూ వాళ్ళూ కలిసి చేసిన పరిశోధనలో తేలింది. ఇరవయ్యారు అక్షరాల ఇంగ్లిషుకే అంత లాభముంటే, గుణింతాలూ ఒత్తులూ ఉన్న మనకు ఇంకెంతుండాలి? ఉండాలి, కానీ ఉండట్లేదు. ఎందుకుండట్లేదో చెప్పడానికే ఈ లేఖ.

ఒక్కమాటలో చెప్పాలంటే, మీ సాఫ్ట్‌వేర్ నా మాట బాగానే వింటోంది, విన్నాక పడిన తప్పును మాత్రం నోటితో దిద్దుకోనివ్వట్లేదు. రాయడమంటే సగం దిద్దుకోవడమే. ఆ సగం మీరు మాకు ఇవ్వలేదు. దానివల్ల మామూలు జనానికి ఏమవుతోందో కింద వరసగా చెప్తాను. ఇవన్నీ నేను వాడిన యాప్‌లలో చూసినవీ, నాకు తెలిసినవాళ్ళకు జరిగినవీ.

1. చేతులు వాడలేనివాళ్ళకు పనికొచ్చే సౌకర్యమని మీరు చెప్పుకునేది చివరికి చేతుల దగ్గరికే వచ్చి ఆగుతోంది.

నాకు ఒక పేజీ చెప్పడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది. అదే పేజీ దిద్దడానికి ముప్పావుగంట. ఎలాగో చూడండి. "విమర్శ" అన్నాను, "విమర్స" అని పడింది. ఒక్క అక్షరం. ఆ "ర్స" పక్కకు కర్సర్ తీసుకెళ్ళాలి. వేలు పెడితే అది పదం మొదటికో చివరికో పోయి కూర్చుంటుంది, నొక్కిపట్టి జరిపితే రెండక్షరాలు దాటిపోతుంది, మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. ఎలాగో నిలబెట్టి బ్యాక్‌స్పేస్ కొడితే ఒక యాప్‌లో "స" మాత్రమే పోయి "ర్" మిగులుతుంది, ఇంకో యాప్‌లో మొత్తం "ర్స" పోతుంది, కాబట్టి ఏం పోయిందో చూసుకుని మరీ తిరిగి కొట్టాలి. ఇదంతా బొటనవేలితో. ఏ వేలికి విశ్రాంతి ఇవ్వమన్నారో ఆ వేలితోనే.

ఇది సాంకేతికంగా చాలా కష్టం, కొంచెం ఓపిక పట్టండి అనకండి. 1952లో బెల్ ల్యాబ్స్‌వాళ్ళు చేసిన ఆడ్రీ అనే యంత్రం సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు మాత్రమే గుర్తుపట్టేది, అదీ తనకు అలవాటైన గొంతైతేనే. 1990లో మాట్లాడితే రాసే డ్రాగన్ డిక్టేట్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది, ధర 9,000 డాలర్లు, పదానికీ పదానికీ మధ్య ఆగి ఆగి చెప్పాల్సి వచ్చేది. 1997లో అదే కంపెనీ తెచ్చిన నేచురల్లీ స్పీకింగ్‌తో మామూలుగా మాట్లాడినట్టే మాట్లాడుతూ రాసే వీలొచ్చింది. ఆ కాలంలోనే ఇంగ్లిషువాడు "స్క్రాచ్ దట్" అంటే ఇప్పుడే అన్న ముక్క చెరిగిపోయేది. ఒక పదం పేరు చెప్పి దాన్ని ఎంచుకోవచ్చు, దాని బదులు ఇంకోటి చెప్పొచ్చు, కీబోర్డు ముట్టుకోకుండానే. అది జరిగి పాతికేళ్ళు దాటింది. నా ఫోన్‌లో ఇవాళ "అది చెరిపెయ్" అంటే "అది చెరిపెయ్" అని శుభ్రంగా, ఒక్క తప్పు లేకుండా టైపవుతుంది.

చూపు లేనివాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. నా స్నేహితుడొకాయన స్క్రీన్ రీడర్‌తో ఫోన్ వాడతాడు, అంటే తెర మీద ఉన్నది ఫోన్ చదివి వినిపిస్తుంది. మీ సాఫ్ట్‌వేర్ చేసే తప్పులెలాంటివి? వినడానికి ఒకేలా ఉండేవి. "విమర్స"నీ "విమర్శ"నీ, "కద"నీ "కథ"నీ స్క్రీన్ రీడర్ దాదాపు ఒకేలా చదువుతుంది. తప్పుందని ఆయనకు తెలిసేదెట్లా? అనుమానం వచ్చిన ప్రతి పదాన్నీ అక్షరం అక్షరం చదివించుకుంటాడు. ఒకసారి ఉద్యోగానికి దరఖాస్తు పెడుతూ పది లైన్ల కవరింగ్ లెటర్ సరిచూసుకోవడానికి ఒక సాయంత్రమంతా కూర్చున్నాడు, అయినా రెండు తప్పులు మిగిలాయి. చదివినవాళ్ళు అది యంత్రం తప్పనుకోరు, ఈయనకు తెలుగు రాదనుకుంటారు.

2. కామా అంటే "కామా" అని పడుతుంది.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. ఈ వాక్యం చూడండి, ఇది నేను నిజంగా పంపిన మెసేజే: "ఆమె రాలేదని చెప్పాడు తమ్ముడు ఫోన్ చేస్తే తెలిసింది". తమ్ముడు చెప్పాడా, లేక ఇంకెవరో చెప్తే, తమ్ముడు ఫోన్ చేశాక సంగతి తెలిసిందా? చుక్క ఎక్కడుందో దాన్నిబట్టి మనిషే మారిపోతాడు. నేను చెప్పేటప్పుడు "చెప్పాడు" తర్వాత ఆగాను, ఊపిరి పీల్చుకున్నాను. విన్నది మీ యంత్రమే కదా, ఆ ఆగడం దానికి వినపడలేదా?

ఇంగ్లిషులో కామా, ఫుల్‌స్టాప్, న్యూ పారాగ్రాఫ్ అన్నీ నోటితో చెప్పొచ్చు, ఇప్పుడు చెప్పకపోయినా వాటంతటవే పడుతున్నాయి. మాకు మాత్రం పేజీ మొత్తం ఒకటే వాక్యం. నా దగ్గర పనిచేసే అమ్మాయి ఒకసారి నా డ్రాఫ్టు చూసి "మేడమ్, ఇది ఎక్కడ ఊపిరి తీసుకుని చదవాలి?" అనడిగింది.

3. కాదన్నది అవునని పడుతోంది.

నా కోపమంతా దీని మీదే. మా బావకు ఒక స్థలం విషయంలో ఒకాయనతో ఒప్పందం జరుగుతోంది, మధ్యలో నేను మాట్లాడుతున్నాను. ఆయన కాగితం చదివి, నచ్చక, సంతకం పెట్టనని చెప్పేశాడు. నేను బావకి మెసేజ్ చెప్పాను: "ఆయన సంతకం పెట్టనన్నారు". వెళ్ళిన మెసేజ్: "ఆయన సంతకం పెట్టమన్నారు". బావ పాపం మంచివాడు, పెట్టమన్నారట కదా అని తన కాపీ మీద సంతకం పెట్టి ఇచ్చేసి వచ్చాడు. న బదులు మ. అదొక్కటే తేడా. ఆ కాగితం వెనక్కి తెచ్చుకోవడానికి రెండు వారాలు తిరిగాం, ఎవరు ఎవరిని మోసం చేశారన్న మాటలు కూడా వచ్చాయి, ఇప్పటికీ మా అక్క ఆ ఊసెత్తితే మొహం తిప్పుకుంటుంది.

తప్పు నాదే, చూసుకోకుండా పంపాను, ఒప్పుకుంటాను. కానీ చూసినా పట్టుకోలేని తప్పది. రెండూ చక్కని తెలుగు మాటలే, రెండూ వాక్యంలో అమరుతాయి, కింద ఎర్రగీత కూడా రాదు. తెలుగులో కాదనడం చాలాసార్లు పదం మధ్యలో ఒకటి రెండు అక్షరాల్లో దాక్కుని ఉంటుంది. ఇవ్వనన్నారు, ఇవ్వమన్నారు. రానన్నాడు, రమ్మన్నాడు. వెయ్యొద్దన్నారు, వెయ్యమన్నారు. మందుల గురించి, డబ్బు గురించి, కేసుల గురించి జనం రోజూ ఈ మాటలతోనే మెసేజ్‌లు పంపుకుంటున్నారు. మీ యంత్రం ఏ పదం ఎంత నమ్మకంతో రాస్తోందో దానికి లోపల లెక్క ఉంటుంది. నమ్మకం తక్కువగా ఉన్న పదాన్ని కాస్త రంగు మార్చి చూపిస్తే నేను ఆగి చూసేదాన్ని. అనుమానంతో రాసిందీ ఖాయంగా రాసిందీ ఒకే నల్లరంగులో ఇస్తే ఎవరు మాత్రం ఏం పట్టుకుంటారు?

4. నేను మాట్లాడే తెలుగు నాకు తిరిగి రావట్లేదు.

"ఆడు పోయిండు" అంటే "ఆడు పోయి ఉండు" అని పడుతుంది. "ఏం జేస్తున్నవ్" అంటే "ఏం చేస్తున్నావు" అవుతుంది. "ఒచ్చినాడు" అంటే "వచ్చినాడు", "ఇంటికొచ్చాక" అంటే "ఇంటికి వచ్చాక". మొదటిది తప్పు, సరే. మిగతావి ఇంకో రకం, ఎవరూ అడక్కుండానే చేసిన దిద్దుబాటు. నేనొక కథ అనువదిస్తూ అందులోని ముసలాయనకు మా మామ్మ మాటతీరు పెట్టాను, రెండు మూడు రోజులు ఇష్టంగా కూర్చుని చెప్పాను. తీరా చదివితే ఆయన రేడియోలో వార్తలు చదువుతున్నట్టున్నాడు. తెలంగాణ మాటైనా, రాయలసీమ మాటైనా, ఉత్తరాంధ్ర మాటైనా మీ దగ్గరికి వెళ్ళొచ్చేసరికి పేపర్ తెలుగు అయిపోతోంది.

ఎందుకో కొంత అర్థమవుతుంది. గొంతులు సేకరించేటప్పుడు చాలాచోట్ల తెర మీద ఒక వాక్యం చూపించి చదవమంటారు, జనం గొంతులు పోగుచెయ్యడానికి మోజిల్లా 2017లో పెట్టిన కామన్ వాయిస్ కూడా ఆ పద్ధతితోనే మొదలైంది. చదివితే వచ్చేది రాతలో ఉన్న తెలుగే కదా, నోట్లో ఉన్న తెలుగు కాదు. మరి ఆ యంత్రానికి మా ఇళ్ళలో మాటలు ఎలా తెలుస్తాయి? ఇది మా ఒక్కళ్ళ బాధా కాదు. 2020లో అమెరికాలో ఐదు పెద్ద కంపెనీల వ్యవస్థల్ని పరీక్షిస్తే, తెల్లవాళ్ళ మాటల్లో నూటికి సగటున 19 తప్పులు పడినచోట నల్లవాళ్ళ మాటల్లో 35 పడ్డాయి. ఇంగ్లిషుకే అలా ఉంటే, తెలుగులో ఎవరి మాట ఎంత తప్పుగా పడుతోందో మీరెవరైనా ప్రాంతాలవారీగా కొలిచి బయటపెట్టారా? నా కంటికైతే కనబడలేదు.

5. అంకెలు, ఇంగ్లిషు మాటలు. దీన్ని త్వరగా ముగిస్తాను. "రెండు మూడు రోజులు" అంటే "2 3 రోజులు", ఒక్కోసారి "23 రోజులు". ఇరవై మూడు రోజులు సెలవు కావాలని మెసేజ్ పెడితే ఎవరిస్తారు? "బస్సు", "మీటింగ్" లాంటివి ఒకసారి తెలుగు లిపిలో, అదే వాక్యంలో ఇంకోసారి ఇంగ్లిషు లిపిలో. ఎలా కావాలో అడిగి, చెప్పినట్టు చేస్తే చాలు.

6. ఆగితే వదిలేస్తుంది, లేకపోతే సొంతంగా అల్లేస్తుంది.

ఆలోచించుకుని మాట్లాడేవాళ్ళున్నారు, నత్తి ఉన్నవాళ్ళున్నారు, పక్షవాతం వచ్చి మాట నెమ్మదించినవాళ్ళున్నారు. మూడు నాలుగు సెకన్లు ఆగగానే మైకు ఆరిపోతే వీళ్ళు ఏం చెయ్యాలి? మా పిన్ని మొబైల్‌లో అక్షరాలు కొట్టడం ఏనాడూ నేర్చుకోలేదు, వాయిస్ టైపింగ్ వచ్చాకే నాకు మెసేజ్‌లు పెట్టడం మొదలుపెట్టింది. ఆమె మాట మొదలుపెట్టి, అంటే, ఏంటంటే, అని వెతుక్కునేలోపు అది ఆగిపోతుంది. సగం వాక్యాలే వస్తాయి నాకు. మిగతా సగం ఏంటో తెలుసుకోవడానికి ఫోన్ చేస్తే "అంతా చెప్పాను కదే, రాలేదా?" అంటుంది. తను చెప్పడం తను విన్నది మరి.

కొత్త తరం మోడళ్ళది ఇంకో జబ్బు. మాటను రాతగా మార్చే ఓపెన్‌ఏఐ వాళ్ళ మోడల్ విస్పర్ మీద 2024లో వచ్చిన పరిశోధనలో, నూటికి ఒక ఆడియోలో మనిషి అసలు అనని మాటలు రాతలో కనిపించాయి. మెదడు దెబ్బతిని మాట తడబడేవాళ్ళ గొంతుల్లో అది ఎక్కువగా జరిగింది, వాళ్ళు మాటల మధ్య ఎక్కువసేపు ఆగుతారు కాబట్టి అయ్యుండొచ్చన్నారు. అంటే నిశ్శబ్దాన్ని ఏదో ఒకటి పెట్టి నింపేస్తోంది. మాట కష్టంగా వచ్చేవాళ్ళ నోట్లో లేని మాటలు కుక్కడం కంటే ఘోరం ఇంకోటి ఉంటుందా? ఖాళీ ఉంటే ఖాళీగానే వదలండి.

7. నోటితో రాయాలంటే నలుగురికీ వినపడాలి.

టైపు చేస్తే పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా తెలియదు. నోటితో అయితే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఇంట్లో పోరు పడుతున్న ఆడపిల్ల తన అక్కకు మెసేజ్ పెట్టుకోవాలంటే గుసగుసగానే కదా చెప్పాలి. గుసగుసలాడితే గొంతులో తీగలు కంపించవు, క-గ, త-ద, ప-బ లాంటి జంటల మధ్య ముఖ్యమైన తేడా ఆ కంపనమే, అది పోయాక మీ యంత్రానికి అంతా కలగాపులగం. గుసగుసతో కూడా శిక్షణ ఇవ్వొచ్చు కదా.

ఇంకో చెవి కూడా ఉంది, మీది. 2019లో పెద్ద కంపెనీల వాయిస్ అసిస్టెంట్ల రికార్డింగుల్లో కొన్నిటిని కాంట్రాక్టు ఉద్యోగులు కూర్చుని వింటున్నారని బయటపడింది. ఆ తర్వాత కొందరు ఆపారు, కొందరు పద్ధతి మార్చి ముందు అనుమతి అడుగుతామన్నారు. నా ఫోన్‌లో ఇంగ్లిషు వాయిస్ టైపింగ్ నెట్ లేకపోయినా పనిచేస్తుంది, అంటే గొంతు ఫోన్ దాటి పోనక్కర్లేదు. తెలుగుకి నెట్ ఆపితే మైకు గుర్తు మసకబారిపోతుంది. అంటే నేను అన్న ప్రతి మాటా ఎక్కడో ఉన్న సర్వర్‌కి వెళ్ళి రావాల్సిందే. నేను అనువదించేవాటిలో ఇంకా అచ్చుకాని పుస్తకాలుంటాయి, జనం వీలునామాలుంటాయి. అవెక్కడ నిలవుంటున్నాయో, ఎన్నాళ్ళుంటున్నాయో తెలుగులో ఒక్క పేజీలో చెప్పిన కంపెనీ నాకింతవరకు తగల్లేదు.

మీరు చెప్పే సాకు నాకు తెలుసు, తెలుగుకి డేటా లేదంటారు. 2022 సెప్టెంబరులో విడుదలైన అదే విస్పర్‌కి మొత్తం 6,80,000 గంటల ఆడియోతో శిక్షణ ఇచ్చారు. అందులో ఇంగ్లిషు ఒక్కటే 4,38,000 గంటల పైన. తెలుగు మాటకు తెలుగు రాతే జతచేసి ఇచ్చింది ఐదు గంటలు కూడా లేదు. ఐదు గంటలంటే నేను ఒక్కరోజు పని చేస్తూ మాట్లాడే మాటలు! 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 8 కోట్ల పైచిలుకు. మాటకు కరువొచ్చిన జాతి కాదు మాది, ఆ సంగతి మా పక్కింటివాళ్ళెవరినడిగినా చెప్తారు. అడగాల్సిన పద్ధతిలో అడిగి, ఇచ్చిన గొంతుకు ఎంతోకొంత ముట్టజెప్పి తీసుకుంటే డేటా లేకపోవడమేంటి?

మీరు కొలిచే కొలత కూడా మా మీద పనిచెయ్యదు. నూటికి ఎన్ని పదాలు తప్పు పడ్డాయన్నది మీ లెక్క. "ఇంటికొచ్చాక" అన్నదాన్ని "ఇంటికి వచ్చాక" అని విడదీసి రాస్తే మీ లెక్కలో రెండు తప్పులు, అర్థంలో ఏ నష్టమూ లేదు. "పెట్టనన్నారు" బదులు "పెట్టమన్నారు" అని రాస్తే మీ లెక్కలో ఒకటే తప్పు, మా బావకు రెండు వారాల తిరుగుడు. ఈ లెక్కతో మీరు 90 శాతం కరెక్టు అని బోర్డు పెట్టుకుంటే మాకొరిగేదేమీ లేదు.

నేను ఎక్కువచేసి చెప్తున్నానని మీకు అనిపిస్తే, కింది ముక్క ఫోన్‌కి చెప్పి, ఏమీ దిద్దకుండా పెడుతున్నాను:

"ఈ ముక్క నేను దిద్ద లేదు కామా చెప్పింది చెప్పి నట్టు పెడుతున్న ఫుల్ స్టాప్ ఈ లేక రాయడానికి నాకు 4 5 రోజులు పట్టింది కామా అందులో చెప్పడానికి పట్టింది ఒక పూట మిగతాది అంతా వేలితో దిద్దడమే కొత్త పేరా కాదు కాదు అది చెరిపెయ్"

మాక్కావాల్సినవి ఇవి.

ఒకటి, తెలుగులో నోటితో దిద్దుకునే ఏర్పాటు. చెరిపెయ్, ఆ పదం మార్చు, వెనక్కి వెళ్ళు, అక్షరం అక్షరం చెప్తాను రాసుకో, ఇలాంటి ఓ ఇరవై ఆజ్ఞలు చాలు. మిగతావన్నీ ఆలస్యమైనా పర్వాలేదు, ఇది మాత్రం ముందు కావాలి. ఆజ్ఞ ఏదో, రాయాల్సిన మాట ఏదో తేల్చడం కష్టమంటారా, ఆజ్ఞకు ముందు పలకాల్సిన ఒక మాటను మమ్మల్నే ఎంచుకోనివ్వండి.

రెండు, కామా, చుక్క, ప్రశ్నార్థకం, కొత్త పేరా నోటితో చెప్పే వీలు. వాటంతటవే పడేలా చేస్తే ఇంకా మంచిది, వద్దనుకునేవాళ్ళు ఆపుకునే మీట కూడా పెట్టండి.

మూడు, అనుమానమున్న పదాన్ని రంగు మార్చి చూపించడం, స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళకు అక్కడ చిన్న శబ్దం వినిపించడం. నా స్నేహితుడు ఈ ఒక్కటి వస్తే చాలన్నాడు.

నాలుగు, "ఉన్నది ఉన్నట్టు" అని ఒక మీట. అది నొక్కితే నా యాసను, నా సంధుల్ని ముట్టుకోకూడదు. పేపర్ తెలుగు కావాలనుకునేవాళ్ళకు ఇంకో మీట. ఏ ప్రాంతపు మాటకు ఎన్ని తప్పులు పడుతున్నాయో ఏటా బయటపెట్టండి, బాగోలేకపోయినా సరే.

ఐదు, నెట్ లేకుండా ఫోన్‌లోనే పనిచేసే తెలుగు. అది వచ్చేదాకా, నా గొంతు ఎక్కడికి పోతోందో, ఎన్నాళ్ళుంచుతారో, ఎవరు వింటారో తెలుగులో, అర్థమయ్యే తెలుగులో, ఒక్క పేజీ.

ఆరు, మైకు ఎన్ని సెకన్ల మౌనం తర్వాత ఆగాలో మమ్మల్నే పెట్టుకోనివ్వండి. ఇది మీ ఇంజనీర్‌కి ఎంత పనో నాకు తెలియదు కానీ, మా పిన్నికి మాత్రం చాలా పెద్ద సాయం.

ఏడు, ఇవన్నీ పరీక్షించేటప్పుడు ఆఫీసులో ఉన్న కుర్రాళ్ళతో సరిపెట్టకండి. చూపు లేనివాళ్ళనీ, చేతులు పనిచెయ్యనివాళ్ళనీ, మాట తడబడేవాళ్ళనీ పిలవండి, పిలిచి వాళ్ళ టైముకి డబ్బివ్వండి.

తెలుగువాళ్ళకు కూడా ఒక మనవి. ఇది చదివేవాళ్ళలో వాయిస్ టైపింగ్ వాడేవాళ్ళు చాలామందే ఉంటారు. తప్పు పడగానే నవ్వుకుని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపుల్లో పంచుకుంటాం, నేనూ పంచుకున్నాను. ఆ స్క్రీన్‌షాటే ఫీడ్‌బ్యాక్‌లో కూడా పెట్టండి, ఏమన్నారో, ఏం పడిందో, ఏం నష్టం జరిగిందో రెండు లైన్లు రాసి. నేనొక్కదాన్నే నాలుగుసార్లు పెడితే పక్కన పడేశారు.

కంపెనీలవాళ్ళకు ఇంకొక్క మాట. నా గొంతు కావాలంటే ఇస్తాను. రోజుకో గంట, మూడు నెలలు, నేను మామూలుగా మాట్లాడే మాటలే, మా పిన్ని గొంతు కూడా అడిగి ఇప్పిస్తాను, ఆమెకు ఎలాగూ మాట్లాడ్డం సరదా. దానికి బదులు పైన చెప్పిన మొదటి కోరిక ఎప్పటికి తీరుతుందో తేదీ చెప్పండి. జవాబు మనిషి రాసింది కావాలి, తెలుగులో కావాలి. మీ ఆటోమేటిక్ జవాబులు నా దగ్గర ఇప్పటికే నాలుగున్నాయి.

ఇట్లు,
మణికట్టు పాడైన ఒక అనువాదకురాలు